గాడి తప్పని కారు, సైడిచ్చే డ్రైవరు

ఇది కారు రివ్యూ కాదని ముందే చెప్పేస్తున్నా. స్టీరింగ్ దగ్గర మనిషికీ కారుకీ జరిగే ఒక చిన్న తగాదా ఉంది. దాని వెనకున్న పెద్ద కథ ఈ రోజు చెప్పుకుందాం.

కోతల రోజుల్లో మా బావ కొత్త ఎలక్ట్రిక్ కారులో శ్రీకాకుళం నుంచి విజయనగరం బయల్దేరాం. కంపెనీ పేరు మనకి అనవసరం. రణస్థలం, పూసపాటిరేగ దాటే వరకు ప్రయాణం హాయిగా సాగింది. నాతవలస దగ్గర పెద్ద హైవే వదిలేసి విజయనగరం రోడ్డెక్కాక అసలు సినిమా మొదలైంది. ఎడమ పక్క తెల్లగీత మీద దాకా మొక్కజొన్న ఆరబోసి ఉంది. ఒక మామ్మ వంగుని గింజలు తిరగేస్తోంది. బావ ఆవిడకి చోటు వదులుదామని కారుని కాస్త కుడికి జరిపాడు. స్టీరింగ్ ఒప్పుకోలేదు. మెల్లగా ఎడమకి, అంటే సరిగ్గా ఆ మామ్మ వైపుకి లాగింది. బావ గట్టిగా పట్టి తిప్పాడు కాబట్టి ఏమీ కాలేదు.

"ఏట్రా ఇది! నానటు తిప్పితే ఇదిటు లాగుతంది!" అన్నాడు బావ. బండి పక్కకి ఆపి, స్క్రీన్‌లో కనిపించిన సేఫ్టీ బటన్లన్నీ వరసగా ఆపేశాడు.

ఇందులో తప్పెవరిది? బావదా, కారుదా? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మన భాషలో "గాడి తప్పాడు", "మళ్లీ గాడిలో పడ్డాడు" అంటాం కదా. గాడి అంటే మట్టిదారిలో బండి చక్రాలు తిరిగి తిరిగి పడిన లోతైన జాడ. చక్రం అందులో పడితే బండి దానంతటదే దారి పట్టుకుని పోతుంది. రాత్రిపూట బండివాడు గడ్డి మీద పడుకుని కునుకు తీసినా, తెలిసిన దారైతే ఎడ్లు ఇంటికి తీసుకొచ్చేసేవి. ఆలోచిస్తే మన మొదటి లేన్ అసిస్ట్ అదే. పైగా దానికి కళ్లూ ఉన్నాయి, ప్రాణమూ ఉంది. దారిలో పిల్లాడు కనిపిస్తే ఎద్దు ఆగుతుంది. 1890ల్లో మన తీరం వెంట రైలు వచ్చింది. అప్పుడు గాడి ఇనుప పట్టా అయింది. పట్టా మీద బండి పక్కకి జరిగే మాటే లేదు.

తారు రోడ్డు కథ వేరు. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా పోయే మద్రాసు-కలకత్తా రోడ్డు చాలాకాలం ఇరుకు రోడ్డే. పల్లె రోడ్లయితే మరీ సన్నం, ఒక బండికి సరిపోయేంత తారు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు మార్జిన్ దిగాలి. మామూలుగా చిన్న బండే దిగేది. దీన్నే మనం "సైడివ్వడం" అంటాం. సాలూరు లారీలకు పేరున్న ఊరు కదా. అక్కడి ఘాట్ రోడ్డులో సైడివ్వడం తెలియనివాడిని డ్రైవరనే అనరు. మన తాతల నుంచి వచ్చిన రోడ్డు మర్యాద ఇది. గీత ఎక్కడుందని ఎవరూ చూడరు, ఎదుటి మనిషి ఎక్కడున్నాడో చూస్తారు.

మరి గీత ఎక్కడ పుట్టింది? అమెరికాలో. మిషిగన్ రాష్ట్రంలో 1911లో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారి రోడ్డు మధ్యన గీత వేయించాడు. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెకారల్ అనే డాక్టరమ్మ కారులో వెళ్తుంటే, ఎదురుగా ఒక లారీ వచ్చి ఆవిడని రోడ్డు దింపేసింది. ఆవిడ ఊరుకోలేదు, తనే రోడ్డు మధ్యన తెల్లగీత గీసింది. ఒకసారి ఆలోచించండి. మన దగ్గర సైడివ్వడం మర్యాద అయితే, అక్కడ సైడివ్వాల్సి వచ్చిన ఒకావిడ "ఇక దిగను, నీ వైపు నువ్వుండు, నా వైపు నేనుంటా" అంది. గీత అంటే ఇద్దరి మధ్య ఒప్పందం అన్నమాట.

తర్వాత ఆ ఒప్పందాన్ని మెషిన్‌కి నేర్పారు. 1980ల్లో జర్మనీలో ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ అనే ప్రొఫెసర్ ఒక వ్యానుకి కెమెరాలు, కంప్యూటర్లు బిగించి, ఖాళీ హైవే మీద దానంతటదే గీత పట్టుకుని పోయేలా చేశాడు. 2001లో జపాన్‌లో నిస్సాన్ సీమా కారులో ఈ సాయం అమ్మకానికే వచ్చింది. యూరప్‌లో 2022 జులై నుంచి కొత్త మోడళ్లకి, 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఇది తప్పనిసరి. నువ్వు ఆపేసినా, మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆన్ అవ్వాలి. అక్కడి డ్రైవర్లూ దీన్ని తిట్టుకుంటున్నారు, మనమొక్కళ్లమే కాదు.

మన దేశంలో 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చాక అడాస్ అనే మాట బాగా వినిపించింది. ఎలక్ట్రిక్ కార్లలో చాలావరకు కొత్త డిజైన్లు కావడంతో, పై వేరియంట్లలో ఇవి వచ్చేస్తున్నాయి. ఇంజిన్ చప్పుడు లేని కారులో ప్రతి బీప్ చెవిలో గుచ్చుకుంటుంది. స్టీరింగ్ పట్టుకునే ఉన్నా "పట్టుకోండి" అని అరుస్తుంది. ఎందుకంటే చాలా కార్లు చేతిని చూడవు, స్టీరింగ్ మీద పడే చిన్న తిప్పుడు బలాన్ని చూస్తాయి. చేయి కదలకపోతే చేయి లేదనుకుంటాయి.

అసలు ఇది పనిచేసే పద్ధతి సింపుల్. అద్దం వెనక కెమెరా నల్ల తారు మీద తెల్లగీత వెతుకుతుంది. ఇండికేటర్ వేయకుండా గీత దాటబోతే, "డ్రైవరుకి నిద్ర పట్టింది కాబోలు" అనుకుని స్టీరింగ్‌ని కాస్త వెనక్కి తిప్పుతుంది. ఆ బలం తక్కువే, మనిషి సులువుగా గెలవగలడు. గీత అరిగిపోతే, వానలో మెరిస్తే, తారు అతుకు గీతలా కనిపిస్తే అది తికమకపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లేన్ అసిస్ట్ చూసేది గీతని. గీత పక్కనున్న మామ్మ దాని లెక్కలో లేదు.

మన జాతీయ రహదారి స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరసలైంది. 2010లో నంబరు 5 పోయి 16 అయింది. గీతలు వచ్చాయి. కానీ గీత వెనకున్న ఒప్పందం ఇంకా మన దగ్గర కుదరలేదు. లారీలు కుడి లేన్ వదలవు. యూటర్న్ దూరమని బైకులు ఎదురొస్తాయి. ఉలవలు రోడ్డు మీద పరిస్తే టైర్లే నూర్చి పెడతాయి. రైతుని తిట్టి లాభం లేదు, కళ్లం చాలనివాడికి రోడ్డే కళ్లం. అలాంటి రోడ్డు మీద బావ చేసింది తాతల నాటి మర్యాద. కారు దాన్ని నిద్రమత్తు అనుకుంది.

అందుకే నేను బావనే సమర్థిస్తాను. కానీ సగమే.

మిగతా సగం ఏంటంటే, తెల్లవారుజామున మూడింటికి కంచిలి దాటి ఇచ్ఛాపురం వైపు పోతున్నప్పుడు కన్ను మూతపడితే, వెనక్కి లాగే ఆ చిన్న బలమే ఇంటికి చేరుస్తుంది. ఆ టైములో గాడి ఎరిగిన ఎడ్లు మనకి లేవు, ఈ కెమెరానే ఉంది. ఇంకో మాట. బావ కోపంలో లేన్ అసిస్ట్‌తో పాటు ఆటోమేటిక్ బ్రేకునీ ఆపేశాడు. రెండూ వేరు. రోడ్డు మీద అడ్డొచ్చిన మనిషిని చూసి బ్రేకేసేది రెండోది. అది ఆపకండి.

హైవే మీద ఆన్‌లో ఉంచండి. ఊళ్లలో, కళ్లాల రోజుల్లో, సాలూరు ఘాట్‌లో లేన్ అసిస్ట్ ఒక్కటే ఆపుకోండి. కుడికి జరిగే ముందు ఇండికేటర్ వేయండి. అప్పుడు కారు ఊరుకుంటుంది, వెనకవాడికీ తెలుస్తుంది. మా బావకి ఇదంతా చెప్తే ఒకటే మాటన్నాడు. "సైడిచ్చేటప్పుడు ఇండికేటర్ వెయ్యాలని మా నాన్నకి కూడా ఎవరూ చెప్పలేదురా!"

మీ ఇంట్లో ఎవరైనా కొత్త కారు కొంటే ముందు ఆ బటన్లు ఎక్కడున్నాయో నేర్పించండి. ఉంటాను మరి.