సిరొంచ హెడ్డు కథ

ఈసారి ఒక చిన్న ఇంగ్లీషు మాట పట్టుకొని మన సిరొంచ చరిత్రలోకి పోదాం. ఆ మాట హెడ్. మనం దాన్ని ఎప్పుడో మన మాట చేసుకున్నాం. బడిలో హెడ్మాస్టరు, బండికి హెడ్‌లైటు, ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు, సంఘానికి లెటర్‌హెడ్డు. "హెడ్డు వచ్చిండు" అంటే ఠాణా నుంచి ఎవరొచ్చారో మన దగ్గర చిన్న పిల్లలకూ తెలుసు.

ఇప్పుడు వీటిలో హెడ్ తీసేసి తల పెట్టి చూడండి. తల మాస్టరు, తల ఠాణాదారు! నవ్వొస్తుంది. తెలుగులో అధికారం తలలో ఉండదు, పెద్దరికంలో ఉంటుంది. ఇంటి పెద్ద, ఊరి పెద్ద, కులపెద్ద, పెద్దసారు. మరి తలను దేనికి వాడతాం? లెక్కకు, బరువుకు, రాతకు. తలసరి ఆదాయం, తలపన్ను, తలకు మించిన భారం, తలరాత. పంపకాలప్పుడు "తలా ఇంత" అంటాం. ఏలేవాడు పెద్ద, లెక్కకు వచ్చేది తల. ఇంగ్లీషువాళ్లు ఈ రెంటినీ ఒకే మాటలో కుక్కారు. ఆఫీసును నడిపేవాడూ హెడ్డే, పర్ హెడ్ అని లెక్కపెట్టేదీ హెడ్డే, చివరికి పశువుల మందను లెక్కపెట్టేదీ హెడ్లతోనే. లాటిన్‌లో తలను కాపుట్ అంటారు. క్యాపిటల్, కెప్టెన్, చీఫ్ అన్నీ దాని సంతానమే. పశువులను సూచించే క్యాటిల్ కూడా ఆ ఇంటిదే. రాజధానికీ గొడ్ల మందకూ చుట్టరికం కలిసిందంటే వింతే మరి.

మన సిరొంచ ఈ రెండు హెడ్లనూ చూసింది. ఒకప్పుడు ఊరే హెడ్డు. తర్వాత లెక్కలో కొన్ని తలలు.

1860లో నిజాముకూ ఇంగ్లీషువాళ్లకూ ఒప్పందం జరిగింది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాయి. వాటితో ఎగువ గోదావరి జిల్లా కట్టి సిరొంచను హెడ్‌క్వార్టర్సు చేశారు. భద్రాచలం వాళ్ల జిల్లా కచేరి మన దగ్గర ఉండేదన్నమాట. ఈ సంగతి చెబితే మన పిల్లలు నమ్మరు. ఆ జిల్లాకు డిప్యూటీ కమిషనరుగా పనిచేసిన కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ పేరు మన తాలూకాలో ఇంకా బతికే ఉంది. గ్లాస్‌ఫర్డ్‌పేట ఆయన పేరు మీద వెలిసిన ఊరే.

ఇంత అడవి మధ్య ఊరికి అంత హోదా ఎందుకు వచ్చింది? పడవల కోసం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కల ఏమిటంటే, నాగపూర్, బేరార్ల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలని. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరువు వచ్చేసరికి ఆ కలకు ఊపు వచ్చింది. నదిలో మూడు చోట్ల రాతి గట్లు పడవలకు అడ్డం. ఒకటి దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది మన ప్రాణహిత మీద. ప్రతి అడ్డం దగ్గరా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవలను ఎక్కించి దించాలని పథకం. పనులు చూసినవాడు హేగ్ అనే ఇంజనీరు. దుమ్ముగూడెం పని నిలిచింది. ఇచ్చంపల్లి దగ్గర సగం కట్టిన గోడలు మిగిలాయి.

ఇంతలో రైలు వచ్చింది. 1867లో బొంబాయి వైపు నుంచి పట్టాలు నాగపూరు చేరాయి. పత్తికి ఇక నది అక్కరలేకపోయింది. 1871లో పడవల పథకం ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు కిందికి పోయాయి. సిరొంచ చాందా జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్లలో నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా మద్రాసుకే పోయాయి. తోటి తెలుగు తాలూకాలన్నీ ఒకవైపు, మనం ఒక్కళ్లం ఇంకోవైపు. మన భాష గురించి ఈనాడు ఎంత మాట్లాడుకున్నా మొదటి ముడి ఇక్కడే పడింది.

తర్వాత మన పై ఊళ్లు మారుతూనే ఉన్నాయి. మధ్యప్రదేశ్, 1956 నవంబరులో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి గడ్చిరోలి జిల్లా విడిపోయింది. జిల్లా దగ్గరైందా అంటే, సిరొంచ నుంచి గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు. ఒక సంతకం కోసం పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరడం గగనం. నది దాటితే కాళేశ్వరం, ఇంకా పోతే మంచిర్యాల, వరంగల్. జబ్బు చేస్తే అటు పోతాం, కాగితం కావాలంటే ఇటు పోతాం.

జిల్లా కేంద్రాన్ని మరాఠీలో ముఖ్యాలయ్ అంటారు, హెడ్మాస్టరు ముఖ్యాధ్యాపక్. ముఖ్య అనే మాట ముఖం నుంచి వచ్చింది. అంటే ఇంగ్లీషువాళ్లకు తల, మరాఠీవాళ్లకు ముఖం, మనకు పెద్ద. పక్కనున్న గోండులు తలను ఇంచుమించు మనలాగే తలా అంటారు. ద్రావిడ చుట్టరికం అది.

తలల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. 1958 తర్వాత కలకత్తా శాస్త్రవేత్తలు ప్రాణహిత పక్క కోట రాళ్లలో, పోచంపల్లి దగ్గర, పెద్ద రాక్షసబల్లి ఎముకలు తవ్వి తీశారు. దాని తొడ ఎముకే మనిషి ఎత్తు ఉంది. అందుకని పెద్దకాలు అనే అర్థంలో బరాపాసారస్ అని, అది ఠాగూర్ శతజయంతి కాలం కాబట్టి దానికి టాగోరి అని చేర్చి, 1975లో పేరు ప్రకటించారు. సుమారు 300 ఎముకలు దొరికాయి. కొన్ని పళ్లు కూడా దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు.

హెడ్‌కు ఇంజనీర్ల దగ్గర ఇంకో అర్థం ఉంది. నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో, ఎంత ఎత్తుకు ఎత్తాలో ఆ కొలతను హెడ్ అంటారు. మేడిగడ్డ బ్యారేజీ వచ్చినప్పుడు మన రైతులకు ఈ అర్థం బాగా తెలిసింది. నీరు ఏ మట్టం దాకా నిలపాలన్నదే రెండు రాష్ట్రాల పేచీ. 2016 ఆగస్టు 23న 100 మీటర్ల దగ్గర ఒప్పందం కుదిరింది. అటువైపు ఆ కొలత ఎత్తిపోతలకు లెక్క, ఇటువైపు ఏ చేను మునుగుతుందో దానికి లెక్క. 2019 జూన్‌లో బ్యారేజీ ప్రారంభమైంది, 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయి. పరిహారం కోసం మన ఒడ్డు రైతులు ఎన్నిసార్లు ధర్నాకు కూర్చున్నారో మీలో చాలామందికి తెలుసు. కొందరు మీ ఇంటివాళ్లే.

ఇక ఇప్పటి పని. 2027 జనగణనలో మళ్లీ తలలు లెక్కపెడతారు. మాతృభాష అడుగుతారు. భాషా అల్పసంఖ్యాకులకు దేశంలో ఒప్పుకున్న రక్షణలు ఉన్నాయి. ఒక జిల్లాలో గాని తాలూకాలో గాని ఒక భాషవాళ్లు నూటికి 15 మంది ఉంటే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్నది ఒకటి. ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఉంటే ప్రాథమిక చదువు వాళ్ల భాషలో చెప్పించాలన్నది ఇంకొకటి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం కూడా ఈ చదువు గురించే. ఇక్కడ తిరకాసు చూడండి. గడ్చిరోలి జిల్లా మొత్తం మీద లెక్కేస్తే మన తలలు పలుచన. సిరొంచ తాలూకా మీద లెక్కేస్తే చిక్కన. ఏ హెడ్డాఫీసు కింద లెక్క తీస్తారన్న దాన్ని బట్టి మనం ఉంటాం, లేదా ఉండం. అందుకే దరఖాస్తుల్లో ఎప్పుడూ తాలూకా అంకె అడగాలి.

చాలా ఇళ్లలో బడి భాషే మాతృభాష అని మరాఠీ చెప్పేస్తున్నారు. మరాఠీ మనకు అన్నం పెట్టే భాష, దాని మీద కోపం లేదు. కానీ అడిగేది పిల్లవాడు చదివే భాష కాదు, తల్లి మాట్లాడే భాష. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి హెడ్ పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె. మన ఇళ్లలో ఆమె తెలుగే మాట్లాడుతుంది. లెక్కల మనిషి వచ్చినప్పుడు ఆమెనే బయటికి పిలవండి, ఆ గడిలో ఏం రాశాడో చదివి వినిపించమని అడగండి. వాడవాడకూ ఇద్దరు చొప్పున కార్యకర్తలు కావాలి. పేర్లు ఈ నెలలోనే సంఘానికి పంపండి.