లయ తప్పిన గుండెకు స్టిరాయిడ్ చికిత్స

గుండె పై గదుల్లో పుట్టిన విద్యుత్ ప్రేరణ కింది గదులకు చేరే సన్నని కండరపు దారిలో వాపు చేరితే నాడి మందగిస్తుంది; అదే వాపు కింది గదుల గోడల్లో చేరి మచ్చ కడితే, ఆ గదులు అదుపు తప్పి అతివేగంగా కొట్టుకుంటాయి. ఈ లయదోషాలను చాలాకాలం పేస్‌మేకర్‌తోనో, షాక్ ఇచ్చే యంత్రంతోనో సరిదిద్దవలసిన విద్యుత్ లోపాలుగానే వైద్యులు చూశారు గనుక, వాటి మూలంలోని వాపును మందుతో అణచవచ్చునన్న ఆలోచన నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతానికి కార్టిసోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చి చూపిన ఫలితం, దానికి 1950లో లభించిన నోబెల్ బహుమతి, స్టిరాయిడ్లపై గొప్ప ఆశలు రేపాయి. పిల్లల గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరానికీ అవి వాడుకలోకి వచ్చాయి. అయితే 1955లో వెలువడిన బ్రిటిష్-అమెరికన్ ఉమ్మడి అధ్యయనం, గుండెను కాపాడడంలో ఆస్పిరిన్ కంటే అవి మెరుగని నిరూపించలేకపోయింది. గుండె కండరపు వాపు ఉన్న 111 మందిపై జరిగి 1995లో ప్రచురితమైన మరో పరీక్షలోనూ రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. లోపం మందులో కన్నా, వేర్వేరు జబ్బులను ఒకే పేరు కింద చేర్చి చూడడంలో ఉందని భావించడమే సబబు. ఎందుకంటే పెద్ద కణాలు చేరి కండరం నశించే అరుదైన జెయింట్ సెల్ మయోకార్డైటిస్‌ను విడదీసి 63 మందిలో పరిశీలించినప్పుడు, ఈ మందులు లేనివారు మరణానికో గుండె మార్పిడికో చేరేలోగా గడిచిన కాలం సగటున 3 నెలలు కాగా, సైక్లోస్పోరిన్ అనే అలాంటి మందుతో కలిపి స్టిరాయిడ్లు వాడినవారిలో అది సుమారు 12 నెలలైంది. అవయవాల్లో గ్రాన్యులోమాలనే కణాల గుబుర్లు పేరుకునే సార్కాయిడోసిస్ విషయంలోనూ ఇంతే: 2003 నాటి ఒక జపాన్ అధ్యయనంలో ప్రేరణ దారి మూసుకుపోయిన 20 మందిలో స్టిరాయిడ్ పొందిన ఏడుగురిలో నలుగురికి దారి తిరిగి తెరుచుకుంది, పొందని పదమూడుగురిలో ఒక్కరికీ తెరుచుకోలేదు.

క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ చికిత్సకు మరో చిక్కు ఎదురైంది, ఈ చరిత్రలో హైదరాబాద్ వైద్యుల కృషి ప్రత్యేకమైనది అక్కడే. గుండె సంకోచించే బలం తగ్గకుండానే కింది గదుల లయ అదుపు తప్పి, ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథులు ఉబ్బిన రోగులను ఆ నగరంలోని కేర్ ఆసుపత్రి వైద్యులు పరిశీలించి, ఆ గ్రంథుల ముక్కలు తీసి చూస్తే గ్రాన్యులోమాలు కనిపించాయని, వాటిలో కొన్ని సార్కాయిడోసిస్‌వి, కొన్ని క్షయవి అని 2011లో ప్రకటించారు. సూక్ష్మదర్శినిలో ఈ రెండూ ఒకదానినొకటి పోలి ఉంటాయి. కానీ మొదటిదానికి మందైన స్టిరాయిడ్, తోడుగా క్షయ మందులు లేకుండా ఇస్తే, రెండోదాన్ని అదుపులో ఉంచే రోగనిరోధక శక్తినే బలహీనపరుస్తుంది. అందువల్ల ఇక్కడ లయదోషానికి స్టిరాయిడ్ మొదలుపెట్టే ముందు గ్రంథి ముక్కను పరీక్షించి, క్షయను వెతకడం ముఖ్యమైన మెట్టయింది.