లైన్ క్లియర్ నుంచి కంప్యూటర్ దాకా

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షన్‌గా, వర్క్‌షాప్ కేంద్రంగా తీర్చిదిద్దింది. ఆ కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడే స్థిరపడ్డాయి. రైల్వే ఇళ్లలో అందరికీ తెలిసిన మాట ‘లైన్ క్లియర్’. ముందున్న స్టేషను అనుమతి ఇవ్వనిదే ఇక్కడి నుంచి బండి కదలరాదు. ఈ నియమం వెనుక ఎంత నష్టం ఉందో తెలుసా?

1861 ఆగస్టు 25న ఇంగ్లండులోని క్లేటన్ సొరంగం దగ్గర ఒకదాని వెనుక ఒకటిగా మూడు బళ్లు వచ్చాయి. మొదటిది లోపలికి వెళ్లాక సిగ్నల్ ప్రమాద స్థితికి మారలేదు. రెండోదానికి కాపలా ఉద్యోగి ఎర్రజెండా ఊపాడు గాని, డ్రైవరు చూశాడో లేదో తెలియలేదు. “సొరంగం ఖాళీయేనా?” అని అవతలి కొసకు తంతి కొట్టాడు. “ఖాళీ” అని జవాబు వచ్చింది. అది మొదటి బండి సంగతి! రెండో బండి సొరంగంలోనే ఆగి వెనక్కి వస్తోంది. మూడో బండి వెళ్లి దాన్ని ఢీకొంది. 23 మంది చనిపోయారు. జవాబు అబద్ధం కాదు. ఏ బండి గురించో అందులో లేదు, అంతే. ఒక సెక్షనులో ఒకే బండి ఉండాలన్న బ్లాక్ పద్ధతిని 1889లో బ్రిటన్ ప్రయాణికుల మార్గాలకు చట్టం చేసింది.

ఇప్పుడు కంప్యూటర్‌లోకి రండి. బెల్ ల్యాబ్స్‌లో 1969లో మొదలైన యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ‘ఫోర్క్’ ద్వారా పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. 1973లో వచ్చిన ‘పైప్’ ద్వారా తల్లి పిల్లకు సందేశం పంపగలదు. రాయడం సఫలమైందంటే అర్థమేమిటి? ఆపరేటింగ్ సిస్టం దాన్ని తన దగ్గర ఉంచుకుందని మాత్రమే. పిల్ల చదివిందని కాదు! చదివినట్లు తెలియాలంటే పిల్ల మరో పైప్ గుండా జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చిందో లేదో ఆగిపోకుండా చూసుకోవడానికి ‘సెలెక్ట్’ అనే సౌకర్యం 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చింది.

పిల్ల పని ముగిస్తే ‘వెయిట్’ ఆ సంగతి చెబుతుంది. ఎలా ముగిసిందన్న దానితోబాటు, ముగిసిన పిల్ల నంబరునూ ఇస్తుంది. క్లేటన్‌లో కొరవడింది సరిగ్గా ఈ నంబరే. తల్లి అడగకపోతే, ముగిసిన పిల్ల వివరం ‘జాంబీ’గా పట్టికలోనే మిగిలిపోతుంది.

ప్రాసెస్‌ల మధ్య తగవు తీర్చేందుకు డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లలో కల్పించిన సాధనానికి రైల్వే సిగ్నల్ పేరే పెట్టాడు: సెమాఫోర్!

మీరు ప్రోగ్రాం రాసేటప్పుడు “అయిందా?” అని మాత్రమే అడిగి ఊరుకోకండి. “ఎవరిది అయింది?” అని కూడా అడగండి.