తరవాణి కుండలోని పోరు

ఏలూరు, కొల్లేటి ప్రాంతముల చరిత్ర యనగానే మీకు వేంగీరాజుల యుద్ధములు స్ఫురించును. నేడు నేను మనవి చేయబోవునది అంతకంటె ప్రాచీనమైన యుద్ధము. దానికి రంగము మన వంటయింటి కుండ. పోరాడునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు.

గోదావరి మండలములలో తరవాణి పేరు వినని పెద్దలు అరుదు. అన్నమును, గంజిని కుండలో నుంచి పులియనిత్తురు. మొదట నానావిధములైన సూక్ష్మజీవు లందు ప్రవేశించును. వానిలో పాలను తోడుకొనజేయు జాతికి చెందినవి త్వరగా వృద్ధిపొంది, లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆ పులుపున కోర్వలేక కుళ్ళబెట్టు జీవులు పెక్కులు అణగిపోవును. మన పెద్దలు శాస్త్రము నెరుగకయే దాని ఫలము ననుభవించిరి.

1877లో ఫ్రాన్సు దేశమున పాస్చరును, జూబేరును ఈ వైరమును శాస్త్రదృష్టితో గమనించిరి. ఆంథ్రాక్సు అను దొమ్మరోగపు క్రిమి, ఇతర సూక్ష్మజీవులు చేరిన ద్రవములో పెరుగజాలకపోయెను.

ఆ తెరువున నడచినవారిలో మన ప్రాంతపువా రొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనలకు అధిపతులైరి. అచ్చట డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

రోగులకు ప్రాణదానము చేసిన ఆ మందును పిమ్మట ఆహారమునకు కాపు పెట్టజూచిరి. 1955లో అమెరికా ప్రభుత్వము, కోసిన కోళ్ళను ఆ మందు కలిపిన చల్లని నీటిలో ముంచుట కనుమతించెను. తరువాత పచ్చిచేపలకును అనుమతి లభించెను. మాంసము మరికొన్ని దినములు నిలిచెను. అయితే లొంగినవి చావగా, ఖాళీయైన చోటును బూజులును, మందునకు లొంగని క్రిములును ఆక్రమించెను. 1966లో ఆ యనుమతి రద్దయ్యెను.

ఇంతలో 1962లో జేమ్సన్ అను శాస్త్రజ్ఞుడు సాల్మొనెల్లా క్రిమిని గూర్చి వ్రాయుచు ఒక విశేషమును చూపెను: బలిసిన జాతి తన పరిమితిని చేరగానే, అల్పసంఖ్యలోనున్న జాతియు పెరుగుట మానును. నేడు ఆహారములోని అపాయమును లెక్కగట్టువారు దీనిని గణనలో చేర్చుదురు. క్రిమిని ఒంటరిగా పెంచి వేసిన లెక్క అపాయమును పెంచి చూపవచ్చును. పోటీ లేని ఆహారములో పడిన క్రిమియో, నిరాటంకముగా ప్రబలవచ్చును.

ఇది మన కేల? ఆకివీడు, కైకలూరు ప్రాంతముల చేపలు మంచులో దూరదేశములకు పోవుచున్నవి. మంచు క్రిములను చంపదు. వాని వృద్ధిని మందగింపజేయును. చలికి తాళుకొను కుళ్ళుక్రిములు వాసన పుట్టించి కొనువానిని హెచ్చరించును. ఆ కావలివానిని మందుతో చంపినచో, వాసన లేని చేపలోనే అపాయము దాగవచ్చును. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. కిలో చేపలో టెట్రాసైక్లిన్ 0.1 మిల్లిగ్రామును మించరాదని 2011 నాటి మన ఆహారనియమములు శాసించినవి.

అట్లని తరవాణినైనను గ్రుడ్డిగా నమ్మరాదు. మురికిచేతినుండి పడిన క్రిమి ముందే విషము గ్రక్కినచో, పిదప వచ్చిన పులుపు దానిని తీయజాలదు. చేతికిని కుండకును శుచియే మొదటి కాపు. మిత్రజీవుల పోరు రెండవది.