కృష్ణుడి నుంచి శకుని వరకు: సి.ఎస్.ఆర్. ఆంజనేయులు నటజీవితం



అండమాన్ దీవుల్లో హోప్ టౌన్ అనే చిన్న ఊరు ఉంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరానికి ఎదురుగా, రేవుకు అవతలి ఒడ్డున ఉంటుంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. అయితే చరిత్ర పుస్తకాల్లో హోప్ టౌన్ పేరు వచ్చేది ఒకే ఒక్క సందర్భంలో. 1872 ఫిబ్రవరి 8న పొద్దుగుంకాక, వైస్రాయి లార్డ్ మేయో అక్కడి కొండ దిగి వచ్చి పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ ఆయనను పొడిచి చంపాడు. ఈ ఇద్దరి పేర్లూ మీరు చదివే ఉంటారు. ఆ చీకట్లో దివిటీలు పట్టి దారి చూపినవారి పేర్లు మాత్రం ఏ పాఠంలోనూ కనిపించవు.

చరిత్ర రాసేటప్పుడు మధ్యలో నిలబడినవారినే చూడటం మనకు అలవాటు. సినిమా చరిత్రలోనూ అంతే. కథానాయకుల జీవితాలు గ్రంథాలవుతాయి. కథను నడిపించిన సహాయ నటుల పేర్లు తారాగణం జాబితాలో ఒక వరుసగా మిగిలిపోతాయి. ఈ పాఠంలో అలాంటి ఒక నటుని గురించి తెలుసుకుందాం. ఆయన చిలకలపూడి సీతారామాంజనేయులు. ప్రేక్షకులకు సి.ఎస్.ఆర్. ఆయన జీవితాన్ని ఎంచుకోవటానికి కారణం ఉంది. ఆయన మొదట కథానాయకుడు, ఆ తరువాతనే సహాయ నటుడు. ఈ మార్పు ఎందుకు జరిగింది? దానిని పతనం అనాలా, మరొకటి అనాలా? ఇదే మన ముందున్న ప్రశ్న.

రంగస్థలం ఇచ్చిన గొంతు

సి.ఎస్.ఆర్. 1907లో గుంటూరు జిల్లా నరసరావుపేటలో జన్మించారు. ఆయన యువకుడిగా ఉన్నకాలంలో ఆంధ్రదేశమంతటా పద్యనాటకం రాజ్యమేలుతోంది. అప్పటి నాటకశాలల్లో మైకులు లేవు. చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి కూడా మాట తెలియాలి, రాగం వినిపించాలి. అందువల్ల నటుడంటే ముందు గాయకుడు. పద్యం నచ్చితే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. నటుడు కథను ఆపి ఆ పద్యాన్నే మళ్లీ పాడేవాడు. సి.ఎస్.ఆర్. శ్రీకృష్ణుడిగా, భక్తుని పాత్రల్లో ఆ రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నారు. అందమైన రూపం, స్పష్టమైన ఉచ్చారణ, శ్రావ్యమైన కంఠం ఆయన పెట్టుబడి.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. టాకీలకు నటులు ఎక్కడి నుంచి వచ్చారు? నాటకాల నుంచే వచ్చారు. అప్పుడు మాట, పాట, నటన మూడూ ఒకేసారి చిత్రీకరణలో నమోదయ్యేవి. పాడలేనివానికి ప్రధాన పాత్ర దొరకటం కష్టం. పద్యం పాడగలవారికి అది స్వర్ణయుగం.

1936లో తెలుగు సినిమాలో ఒక విచిత్రమైన పోటీ జరిగింది. ద్రౌపది కథ మీదనే రెండు చిత్రాలు వచ్చాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది, సి.ఎస్.ఆర్. శ్రీకృష్ణుడు. ఆ పోటీలో రెండోదే నెగ్గింది. తరువాత సి.ఎస్.ఆర్. ‘తుకారాం’లో నామపాత్ర ధరించారు. 1939లో పి.పుల్లయ్య తీసిన ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం’లో శాంతకుమారి పద్మావతి కాగా, సి.ఎస్.ఆర్. వేంకటేశ్వరుడు. అంటే ముప్ఫై రెండేళ్లు నిండేనాటికి ఆయన తెరమీద దేవుడు.

మారిన కాలం

1940లలో మూడు మార్పులు దాదాపు కలిసి వచ్చాయి. వీటిని విడివిడిగా గమనించండి.

మొదటిది నేపథ్యగానం. పాటను ముందుగా వేరొక గాయకుని చేత పాడించి, నటుడు పెదవులు కదిపే పద్ధతి స్థిరపడింది. దాంతో పాడే కంఠం నటునికి తప్పనిసరి అర్హత కాకుండా పోయింది. రెండవది సాంఘిక చిత్రం. పంచెకట్టుతో, ప్యాంటు చొక్కాతో నిత్యజీవితంలోని మనుషులు తెరమీదకు వచ్చారు. వారు రాగం తీయరు, మాట్లాడతారు. మూడవది కొత్త తరం. 1923లో పుట్టిన ఎన్.టి.రామారావు, 1924లో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు 1950 నాటికి కథానాయకులుగా నిలదొక్కుకుంటున్నారు. అప్పటికి సి.ఎస్.ఆర్. వయసు నలభై మూడు.

ఇటువంటి సమయంలో రంగస్థలం నుంచి వచ్చిన చాలామంది నటులు తెరమరుగయ్యారు. సి.ఎస్.ఆర్. మాత్రం తన దగ్గరున్న సాధనాన్ని వేరే పనికి ఉపయోగించారు. పద్యంలో ఏ మాట దగ్గర ఆగాలి, ఏ అక్షరాన్ని నొక్కాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నది ఆయనకు కొట్టినపిండి. అదే విద్యను మామూలు సంభాషణలోకి తెచ్చారు. మైకు ఇప్పుడు దగ్గరగా ఉంది కాబట్టి కేక అవసరం లేదు. చిన్న విరామం, తియ్యని పలకరింపు, ఒక సాగదీత చాలు. పెదవులపై నవ్వు చెదరకుండా మోసం చేసే పెద్దమనిషి పాత్ర ఆయన చేతిలో కొత్తగా తయారైంది.

పాత్రల వరుస

1951 నాటి ‘పాతాళభైరవి’లో ఆయన ఉజ్జయిని మహారాజు. 1953 నాటి ‘దేవదాసు’లో పార్వతిని రెండో పెళ్లి చేసుకునే వృద్ధ జమీందారు. అప్పుడు ఆయనకు వాస్తవంగా నలభై ఆరేళ్లు. ఆ పాత్రను క్రూరుణ్ణి చేసి ఉంటే పార్వతి మీద జాలి సులభంగా పుట్టేది. కాని ఆయన మర్యాదస్తుడిగానే కనిపిస్తాడు. అందువల్ల ప్రేక్షకుడు ఒక దుర్మార్గుణ్ణి తిట్టుకుని ఊరుకోలేడు, అటువంటి పెళ్లిని సాధారణంగా భావించిన సంఘాన్ని గురించి ఆలోచించవలసి వస్తుంది. సహాయ నటుడు కథ అర్థాన్నే మార్చగలడనటానికి ఇది మంచి ఉదాహరణ.

1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ చూడండి. గురజాడ అప్పారావు నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. తిరగరాసిన రూపం 1909లో వెలువడింది. పి.పుల్లయ్య దర్శకత్వం వహించిన చిత్రంలో ఎన్.టి.రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. సి.ఎస్.ఆర్. రామప్ప పంతులు. కోర్టు వ్యవహారాలు నడిపే ఈ పంతులు అందరినీ మోసగించానని అనుకుంటాడు, మధురవాణి దగ్గర తానే మోసపోతాడు. వేంకటేశ్వరుడిగా సి.ఎస్.ఆర్.ను చూపిన దర్శకుడే పదహారేళ్ల తరువాత ఆయనను రామప్ప పంతులుగా చూపారు. నటుని పరిధి ఎంతో దీనిని బట్టి గ్రహించవచ్చు.

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ ఆయన ప్రతిభకు గీటురాయి. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. ఇందులో శ్రీకృష్ణుడు ఎన్.టి.రామారావు, శకుని సి.ఎస్.ఆర్. 1936లో కౌరవసభలో ద్రౌపది మానం కాపాడిన కృష్ణుడు, ఇరవై ఒక్క ఏళ్ల తరువాత అదే జూదానికి మూలమైన శకునిగా వచ్చాడన్నమాట. ఈ శకుని పళ్లు కొరకడు, కళ్లెర్రజేయడు. దుర్యోధనునికి ఆప్తుడిలా, బలరామునికి హితుడిలా మాట్లాడతాడు. చివరలో, నిలబడినవారి చేత నిజం చెప్పించే సత్యపీఠం మీద కాలు పెడతాడు. యుద్ధంలో యాదవుల సాయం కోసమే ఈ పెళ్లి సంబంధం కలుపుకున్నామని తన నోటితోనే బయటపెడతాడు. ఆ సన్నివేశం అంత నవ్వు పుట్టించటానికి కారణం అంతకుముందు రెండున్నర గంటలపాటు ఆయన నిజాన్ని నవ్వు వెనక దాచిపెట్టిన తీరే. ఈసారి ‘మాయాబజార్’ చూసినప్పుడు శకుని మాట్లాడని క్షణాలను గమనించండి. ఇతరులు మాట్లాడుతుండగా ఆయన ముఖంలో లెక్క నడుస్తూనే ఉంటుంది.

1959లో ‘అప్పుచేసి పప్పుకూడు’లో అప్పులతోనే డాబు సాగించే పెద్దమనిషిగా, 1961లో ‘జగదేకవీరుని కథ’లో రాజనాల ధరించిన రాజుకు దుర్బోధ చేసే మంత్రి బాదరాయణ ప్రెగ్గడగా సి.ఎస్.ఆర్. నవ్వించారు. 1963లో మరణించారు.

ఇతర దేశాల్లో

ఈ పరిస్థితి మనకు మాత్రమే పరిమితం కాదు. బ్రిటిష్ సినిమాలో మూర్ మారియట్ అనే నటుడు ఉండేవాడు. 1885లో పుట్టాడు. మూకీల కాలం నుంచి ఎన్నో చిత్రాల్లో పాత్రలు ధరించాడు. 1937లో వచ్చిన ‘ఓ మిస్టర్ పోర్టర్’ అనే హాస్యచిత్రంలో పళ్లూడిన ముదుసలి హార్‌బాటిల్‌గా ప్రసిద్ధుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు యాభై రెండు మాత్రమే. పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు విల్ హే. కాని ఆ ముసలివాడు లేకుండా ఆ హాస్యం నిలవదు.

గుర్తింపు విషయం కూడా చూద్దాం. అమెరికాలో ఆస్కార్ పురస్కారాల్లో సహాయ నటుల విభాగం 1936 నాటి చిత్రాలతో మొదలైంది. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆ విభాగం 1984 నాటి చిత్రాలతో గాని రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది పురస్కారాలను 1964లో ప్రారంభించింది. అంటే సి.ఎస్.ఆర్. మరణించిన మరుసటి సంవత్సరం. ఆయన చేసిన పనికి ఆయన కాలంలో ఇక్కడ ప్రభుత్వ పురస్కారం అనేదే లేదు. పురస్కారాల జాబితా చూసి నటులను అంచనా వేసేవారు ఈ సంగతి మరువరాదు.

ఆధారాల సమస్య

చివరగా చరిత్ర విద్యార్థులకు ముఖ్యమైన విషయం. 1930లలో వచ్చిన తెలుగు టాకీల్లో చాలావాటి ప్రతులు నశించాయి. 1950ల చిత్రాలు నిలిచాయి. ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైంది కూడా. అందువల్ల నేటి యువతకు సి.ఎస్.ఆర్. అంటే శకుని. వారి తాతల తరానికి ఆయన కృష్ణుడు, తుకారాం. రెండూ నిజమే. మనకు దొరికిన ఆధారం మనిషి జీవితమంతటికీ ఆధారం కాదు.

కనుక మన ప్రశ్నకు జవాబు ఇది. నాయక పాత్ర నుంచి సహాయ పాత్రకు రావటం సి.ఎస్.ఆర్. విషయంలో పతనం కాదు. సాంకేతిక పరిజ్ఞానం, అభిరుచి, వయసు మారినప్పుడు తన విద్యను మార్చి వాడుకున్న కళాకారుని రెండవ జీవితం అది. మొదటి జీవితంలో ఆయన దేవుళ్లను, భక్తులను చూపారు. రెండవ జీవితంలో మనుషులను చూపారు.

మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో పెద్దలకు నచ్చిన పాత చిత్రం ఏదైనా ఎంచుకోండి. నాయికా నాయకులను పక్కన పెట్టి, ఒక్క సహాయ పాత్రను మాత్రమే మొదటి నుంచి చివరి దాకా అనుసరించండి. ఆ పాత్ర లేకపోతే కథ ఏ దృశ్యం దగ్గర ఆగిపోతుందో రాయండి. ఆ నటుడు ఎవరో, ఎక్కడివారో, అంతకుముందు ఏ నాటకంలో వేషం వేశారో పెద్దలను అడిగి తేదీతో సహా నమోదు చేయండి. చెప్పగలవారు ఉన్నప్పుడే అడగాలి. ఆ కాగితం రేపు మరొకరికి ఆధారమవుతుంది.