పాత నాదమునకు కొత్త అచ్చు

రేడియో పుణ్యమా అని మర్పల్లి వంటి ఊళ్లలో సైతము విద్యుత్ గిటారు నాదము మనకు పరిచితమైనది. ఆ నాదమునకు మూలము తీగల క్రింద నుండు పికప్. అయస్కాంతము చెంత ఉక్కు తీగ కంపించినపుడు, ప్రక్కనున్న రాగి చుట్టలో విద్యుత్తు పుట్టును.

అమెరికాలోని గిబ్సన్ సంస్థకు చెందిన సేత్ లవర్ అను ఇంజనీరు, రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా పనిచేయునట్లు జతపరచి, బయటి విద్యుత్తు వలన కలుగు రొదను అణచినాడు. 1955 జూన్ 22న పేటెంటుకై దరఖాస్తు చేయగా, 1959 జూలై 28న అది లభించినది. ఒక్కొక్క చుట్టకు సుమారు 5,000 వరుసల సన్నని తీగ. ఆ తీగను మోయునది బ్యుటిరేట్ అను ప్లాస్టిక్కుతో అచ్చుపోసిన బాబిన్. దాని కొలత మారిన చుట్ట ఆకారము మారును. నాదమును కొంత మారును.

అందువలననే నేడు కొందరు పనివారు అదే ప్లాస్టిక్కును కరిగించి, ఉక్కు అచ్చులోనికి ఒత్తి, నాటి అచ్చు గుర్తులతో సహా పాత బాబిన్లను మరల తయారుచేయుచున్నారు.

మన వీణ యందును ఇట్టి మార్పు కలదు. రెండవ బుర్ర ఒకప్పుడు ఎండిన సొరకాయ. తరువాత కాగితపు గుజ్జుతోను, ఫైబర్ గ్లాసుతోను చేయసాగిరి. అయితే ఆ బుర్ర తాను సొరకాయనని ఎవరినీ నమ్మించదు. పాత గుర్తులు మోయు కొత్త బాబిన్ నమ్మింపగలదు. విరిగిన వాద్యమును పలికించిన అది సేవ. పాతదని అమ్మిన మోసము. కావున పాత గుర్తుల సరసనే తయారైన సంవత్సరమును కూడ అచ్చులో చెక్కుట న్యాయమని మేము తలంచుచున్నాము.