మంచు మీద వంతులు

మిన్నెసోటాలో చలికాలం వస్తే చెరువులన్నీ గడ్డకట్టి, ఎటు చూసినా మంచే. అలాంటి రాష్ట్రం ఆడపిల్లలకూ మంచు పంచమని 1994లో చట్టం చేసుకోవాల్సి వచ్చిందంటే మా ఊరు చర్లలో మావాళ్లు నమ్మరు. చెరువు మీది మంచు ఎవరైనా వాడుకోవచ్చు కానీ, ఐస్ హాకీ నేర్పేది అరీనాల్లో, కప్పు కింద, యంత్రాలతో గడ్డకట్టించిన మంచు మీద. దానికి గంటల లెక్కన అద్దె. బడి వదిలాక దొరికే మంచి వేళలన్నీ మగపిల్లల జట్లే ఏళ్ల తరబడి రాయించుకునేవి. తెల్లవారుజామునో, బాగా పొద్దుపోయాకో ఆడపిల్లల వంతు.

సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా, శని ఆదివారాల్లో పగలంతా మంచి వేళలని ఆ చట్టం తేల్చింది. ఆడపిల్లల జట్లు అడిగితే ప్రభుత్వ అరీనాలు ఆ వేళల్లో మొదటి ఏడు 15 శాతం దాకా, మరుసటి ఏడు 30, 1996-97 నాటికి 50 శాతం దాకా ఇవ్వాలి. ఆడపిల్లల హాకీని హైస్కూలు ఆటగా గుర్తించిన మొదటి రాష్ట్రం కూడా ఇదే, అదే 1994లో.

దీనికి పునాది 1972లో పడింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడ, మగ తేడా చూపకూడదని నిక్సన్ సంతకం చేసిన చట్టం, టైటిల్ నైన్. ముప్పై ఏడు మాటల ఆ వాక్యంలో ఆటల ఊసే లేదు. అయినా కాలేజీ మైదానాల రూపు మార్చింది అదే. మిన్నెసోటా విశ్వవిద్యాలయం మహిళల జట్టు 1997లో బరిలోకి దిగింది. మరుసటి ఏడు నగానోలో మహిళల హాకీ తొలిసారి ఒలింపిక్స్‌కెక్కితే, కెనడాను ఓడించి అమెరికా బంగారం తెచ్చుకుంది. 2001లో మొదలైన జాతీయ కాలేజీ టోర్నీని మొదటి మూడేళ్లూ మిన్నెసోటా డులూత్ గెలిచింది. 2002లో మినియాపొలిస్‌లో రిడర్ అరీనా కట్టారు. అమెరికాలో కాలేజీ మహిళల హాకీ కోసమే కట్టిన మొదటి అరీనా అది.

ఇంత కొట్లాడి తెచ్చుకున్న మంచును, జట్టు లోపలికొచ్చేసరికి సమానంగా పంచరు. నాకు ఆసక్తి పుట్టించింది ఇదే.

ముగ్గురు ఫార్వర్డ్‌లు కలిస్తే ఒక లైన్. మామూలుగా నాలుగు లైన్లుంటాయి. ఆట 60 నిమిషాలు, అయితే ప్రాణం పెట్టి పరిగెత్తినట్టు స్కేట్ చేస్తే ముప్పావు నిమిషానికే కాళ్లు బరువెక్కుతాయి. కోచ్ ఒక్క పేరు అరుస్తాడు. ఆట ఆగదు. అలసిన ముగ్గురు బెంచీ వైపు వస్తుండగానే కొత్త ముగ్గురు అడ్డుగోడ దూకి మంచు మీదికి దిగుతారు. లెక్క తప్పి ఒకరు ఎక్కువైతే రెండు నిమిషాల శిక్ష. రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారడంతో, తమ గోల్‌ను కాచుకునేటప్పుడు బెంచీ దూరమవుతుంది. అలసిన లైన్ అక్కడ చిక్కిందా, గోల్ పడ్డట్టే.

మా చర్ల వైపు తాలిపేరు కాలువ ఎరిగినవాళ్లకు నాలుగో లైన్ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు: అది చివరి ఆయకట్టు, పైవాళ్లకు పోగా మిగిలితేనే నీళ్లు. ప్రత్యర్థి శిక్షలో ఉన్న రెండు నిమిషాలూ గోల్ కొట్టే సత్తా ఉన్నవాళ్లకే. స్కోరు బిగుసుకుంటే కోచ్ రెండు, మూడు లైన్లతోనే లాగించేస్తాడు. గ్యాలరీలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూతురి సెకన్లు లెక్కపెట్టే తండ్రులు ఉంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు గానీ, నేను కోచ్ పక్షమే. అరీనా తలుపులు తెరిపించడం చట్టం పని. గెలిపించేది ఎవరో తేల్చడం దాని పని కాదు. నాలుగు గోల్స్ ఆధిక్యంలో ఉండి కూడా నాలుగో లైన్‌ను బెంచీ మీదే ఉంచే కోచ్‌ను మాత్రం సమర్థించను. అది పిసినారితనం, పైగా తెలివితక్కువతనం కూడా. మొదటి రెండు లైన్ల కాళ్లూ మూడో పీరియడ్‌లో ఆ బాకీ తీర్చాలి.

ఆ జాతీయ కాలేజీ టోర్నీ 2025 ఫైనల్ రిడర్ అరీనాలోనే జరిగింది. ఒహాయో స్టేట్ చేతిలో 3-2తో వెనకబడి, ఆట ముగియడానికి ఇరవై సెకన్లు కూడా లేనప్పుడు విస్కాన్సిన్‌కు పెనాల్టీ షాట్ దొరికింది. కోచ్ మార్క్ జాన్సన్, 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టును ఓడించిన అమెరికా ఆటగాళ్లలో ఒకరు. ఆయన కిర్‌స్టెన్ సిమ్స్‌ను పంపాడు. ఆమె స్కోరు సమం చేసింది, అదనపు సమయంలో గెలుపు గోల్ కూడా తనే కొట్టింది. నేనైనా ఆమెనే పంపేదాన్ని.